పెన్ టూలుతో ఆరక్షరాలు

యాభై నాలుగేళ్ళ వయసులో నేను మళ్ళీ పలక పట్టడానికి కారణం మా గుడి కమిటీ. అమ్మవారి మీద నాకు ఫిర్యాదులేమీ లేవు. ఆవిడ పేరు చెప్పి ప్లాస్టిక్ కుర్చీలు వేయించుకుని కూర్చునేవాళ్ళ మీదే ఉన్నాయి.

బెంగాల్లో, ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో, రైల్వే పనికొచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళ క్వార్టర్ల మధ్య ఉంటుంది ఆ గుడి. గుమ్మం మీద ఒక చెక్క పలక, దాని మీద ‘అమ్మవారి గుడి’ అని ఆరక్షరాలు. రాసింది మా నాన్న. ఆయన వర్క్‌షాపులో వ్యాగన్ల మీద నంబర్లు రాసే పెయింటరు. ఆ పలక కూడా ఏదో వ్యాగన్ అడుగున ఉండాల్సిన పలకే. అది వర్క్‌షాపు గేటు దాటి గుడి గుమ్మం మీదికి ఎలా వచ్చిందో నాన్నకీ అమ్మవారికీ మాత్రమే తెలుసు. ఇద్దరూ నోరు విప్పలేదు.

మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. ఏటా జాతరకి వారం ముందు ఆ పలక దించి, పెచ్చులు గీకి, అవే అక్షరాల మీద మళ్ళీ రంగు వేస్తాం. నాన్న ఉన్నన్నాళ్ళూ నాన్న వేశాడు. ఆయన పోయాక ఇరవై రెండేళ్ళుగా నేను వేస్తున్నాను. నాదీ అదే వృత్తి, కాకపోతే రైల్వే జీతం లేకుండా. ఖరిదా బజారులో సగం షాపుల బోర్డులు నేను రాసినవే. తెలుగు, బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు, నాలుగు లిపులూ రాస్తాను. మాట్లాడమంటే మాత్రం తెలుగు తప్ప ఏదీ సరిగ్గా రాదు. తర్వాత ఫ్లెక్సులు వచ్చాయి, షాపులవాళ్ళు నా ఇంటి దారి మరిచిపోయారు. ఇప్పుడు బండి నంబరు ప్లేట్లూ, గోడల మీద ‘ఇక్కడ ఉమ్మరాదు’ అనీ రాసుకుంటున్నాను. నేను రాసిన చోటే ఎక్కువ ఉమ్ముతారు. అది వేరే సంగతి.

ఆ ఏడు కమిటీ మీటింగులో సెక్రటరీ లేచాడు. వర్క్‌షాపులో ఛార్జ్‌మేన్‌గా రిటైరైన మనిషి. ఇప్పటికీ ఎవరితో మాట్లాడినా డ్యూటీకి లేటుగా వచ్చినవాణ్ణి నిలదీస్తున్నట్టే మాట్లాడతాడు.

“పలక పుచ్చిపోనాది. ఈయేడు స్టీలు అచ్చరాలు కట్టించేద్దుము. ఎనకాతల లైటు. అంత దూరం నుంచి కనిపించాల.”

“రాసీది ఎవులు?” అన్నాను.

“రాసీదేటిరా? మిషను కోసేస్తాది. కంప్యూటర్ల రకరకాల అచ్చరాలుంటాయి. మనం ఒక రకం ఏరుకోడమే.”

ఫోను తీసి తను ఏరుకున్న రకం చూపించాడు. అందులో ‘అ’ని చూస్తే, పెళ్ళి పంక్తిలో మొత్తం లడ్డూ ఒకేసారి నోట్లో కుక్కుకుని నమలలేక ఆగిపోయిన పెద్దమనిషిలా ఉంది. నాకు ఒళ్ళు మండింది.

“మా అయ్య అచ్చరాలు ఆ గుమ్మం మీంచి దిగినాయంటే నాను ఈ గుడిల కాలెట్టను” అని అరిచాను. అందరూ నావైపు తిరిగారు. మా నాన్న గురించి, ఆయన చెయ్యి గురించి, వ్యాగన్ల మీద ఆయన అంకెలు దేశమంతా తిరిగిన సంగతి గురించి పదినిమిషాలు మాట్లాడాను. ఇద్దరు ముసలాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు కూడా.

సెక్రటరీ తుడుచుకోలేదు. “అలగైతే మీ అయ్య అచ్చరాలే కోయిద్దుము. కాపోతే మిషనోడు ఫొటో ఇస్తే కొయ్యడంట. వెక్టర్ ఫైలని ఒకటుంటాదంట, అది గావాలంట. జాతర మూడు నెల్లుంది. తెచ్చినావా, మీ అయ్య అచ్చరాలు. తేలేదా, నా ఫోన్ల అచ్చరాలు” అన్నాడు.

ఇంటికొచ్చి జరిగింది చెప్తే మా ఆవిడ చేట కింద పెట్టి నవ్వింది. “నువ్వు గుడిల కాలెట్టి ఎన్నాళ్ళయినాదయ్యా? పెసాదం కూడా ఇంటికే తెప్పించుకుంతావు. ఆళ్ళు భయపడిపోనారేటి?”

భయపడలేదు. భయపడింది నేను. వెక్టరంటే ఏమిటో నాకు తెలీదు.

అది తెలిసిన మనిషి ప్రేమ్ బజార్‌లో దొరికింది. కాలేజీ గేటు దగ్గర జిరాక్స్ షాపు మేడ మీద ఒక బెంగాలీ అమ్మాయి, ఇరవై నాలుగేళ్ళుంటాయి, స్టూడెంట్ల ఫంక్షన్లకి పోస్టర్లూ టీషర్టులూ తయారుచేస్తుంది, అడిగినవాళ్ళకి ఆ పని నేర్పుతుంది. నేను వెళ్ళి నా వచ్చీరాని హిందీలో విషయం చెప్పాను. ఫీజెంత అంటే, ఫీజు వద్దు కాకూ, కింద మెట్ల పక్క గోడ మీద మా షాపు పేరు మీ చేత్తో రాసిపెట్టండి చాలు, ఇప్పుడు చేతిరాత బోర్డులే ఫ్యాషన్, అంది. నా పొట్ట కొట్టేశాక ఫ్యాషనయింది చేతిరాత. ఏం చేస్తాం, సరేనన్నాను. ఆమె నన్ను కాకూ అనేది, అంటే బాబాయి. గురువు కాబట్టి నేను ఆమెని దీదీ అనేవాణ్ణి. మా అమ్మాయికంటే చిన్నది.

మొదటిరోజే వెక్టరంటే ఏమిటో చెప్పింది. మామూలు ఫొటో అంతా చిన్న చిన్న రంగు గింజలు. పెద్దది చేస్తే గింజలు బయటపడతాయి. వెక్టర్ బొమ్మలో గింజలుండవు. గీత ఎక్కడ మొదలై ఎటు వంగి ఎక్కడ ఆగాలో కంప్యూటరు గుర్తుపెట్టుకుంటుంది. అగ్గిపెట్టెంత గీసి రైలు పెట్టెంత చేసినా అంచు చెదరదు. కోసే మిషను ఆ గీత వెంట నడిచిపోతుంది. ఇదంతా నాకు బాగానే అర్థమైంది. అర్థం కానిది మౌసు.

ముప్పై అయిదేళ్ళు ఉడత తోక వెంట్రుకల బ్రష్ పట్టిన చెయ్యి నాది. నిచ్చెన చివర నిలబడి, గాలిలో, ఒక్క వేలు బోర్డుకి ఆనించి గుండ్రంగా సున్నా చుడతాను. అలాంటిది ఆ సబ్బుబిళ్ళ పట్టుకుని తిన్నగా ఒక గీత గీయలేకపోయాను. బల్ల ఎత్తన్నాను. కుర్చీ ఊగుతోందన్నాను. ఫ్యాను గాలి తగులుతోందన్నాను. ఆడలేక మద్దెల ఓడన్న మాట బెంగాలీలోనూ ఉందేమో, ఆ అమ్మాయి ఏదో గొణిగి ఫ్యాను ఆపేసింది. చెమటలో ఇంకా వంకరగా గీశాను.

పెన్ టూలని ఒకటుంది. అసలు విద్యంతా అందులోనే ఉంది. తెర మీద నొక్కితే ఒక చుక్క పడుతుంది. నొక్కి లాగితే ఆ చుక్కకి అటూ ఇటూ రెండు మీసాలు మొలుస్తాయి. మీసాన్ని ఎటు తిప్పితే గీత అటు వంగుతుంది. గీతని మాత్రం ముట్టుకోకూడదు. అల్లుడితో పని చేయించాలంటే కూతురికి చెప్పుకున్నట్టన్నమాట. గీతకే తిన్నగా చెప్పి చేయించుకున్నవాణ్ణి, మీసాల్ని బతిమాలడం నాకు చిన్నతనంగా ఉండేది.

కంట్రోల్ జెడ్ నొక్కితే చేసిన తప్పు మాయమవుతుందని తెలిసిన రోజు మాత్రం మనసారా ఆ యంత్రానికి దణ్ణం పెట్టాను. మా పనిలో తప్పు రాస్తే కిరసనాయిలు గుడ్డ, ఆ పైన షాపువాడి తిట్లు.

మూడు వారాలు గడిచాయి. గుడి పలకని ఫోనుతో ఫొటో తీసి తెరమీద పెట్టుకుని, దాని అంచు వెంట చుక్కలు పెట్టడం మొదలుపెట్టాను. నాన్న నాకు నేర్పింది అదే. పాత గీత ఎక్కడుంటే బ్రష్ అక్కడ పెట్టు, వెంట్రుక వాసి కూడా తప్పకు. ఆ లెక్కనే ఆవగింజ పక్కన ఆవగింజలా చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ పోయాను. నాలుగు రోజులు కూర్చుని ‘అ’ పూర్తిచేశాను. పలక మీది ‘అ’కీ దీనికీ తేడా కనిపెట్టినవాడికి టీ ఇప్పిస్తానన్నాను దీదీతో.

ఆమె ఏదో నొక్కింది. రంగు పోయి, ఉత్త చుక్కలూ గీతలూ మిగిలాయి.

“ఇదేమిటి కాకూ! అక్షరమా, చీమల బారా?”

లెక్కపెడితే ఒక్క ‘అ’లోనే నూట నలభై చుక్కలు. మిషను ప్రతి చుక్క దగ్గరా ఒక్క క్షణం తడబడుతుందట. స్టీలు అంచు రంపంలా వస్తుందట. “గీత మీరు గీయడం లేదు కాకూ, గీతకి కాపలా కాస్తున్నారు” అంది. తర్వాత తెర మీద ఒక సున్నా గీసి చూపించింది. నాలుగే చుక్కలు. పైన ఒకటి, కింద ఒకటి, కుడిన ఒకటి, ఎడమన ఒకటి. మీసాలు అడ్డంగా గానీ నిలువుగా గానీ తిన్నగా ఉండాలి. వంపు ఎక్కడైతే పూర్తిగా పైకో, కిందకో, పక్కకో చేరుకుంటుందో అక్కడే చుక్క. మిగతాదంతా గీతే చూసుకుంటుంది. ఎన్ని తక్కువ చుక్కలు పెడితే అంత గొప్ప పనివాడు.

అది బుర్రకెక్కాక నన్ను పట్టేవాళ్ళు లేకపోయారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. సైకిలు మీద పోతూ వాటర్ ట్యాంకుకి నాలుగు చుక్కలు పెట్టేవాణ్ణి. స్వీటు షాపు ముందు నిలబడి జిలేబీకి ఎన్ని పడతాయో లెక్కపెడుతుంటే, షాపువాడు కొంటారా లేదా దాదా అని తరిమాడు. అన్నం వడ్డిస్తున్న మా ఆవిడ వైపు అదేపనిగా చూస్తుంటే కళ్ళెర్రజేసింది.

“ఏటలగ సూస్తన్నావు?”

“నీ దవడ కాడ ఒక చుక్క సాలు.”

“నా మొకం మీద సుక్కలెడితే నీ మొకం మీద గరిటెడతాను. తిను.”

రెండో నెలకి ఆ అమ్మాయి నాకు పెద్ద విద్యలు నేర్పడం మొదలుపెట్టింది. ఒక ఆకారంలోంచి ఇంకో ఆకారాన్ని కోసెయ్యడం, రెండు కలిపి ఒకటి చెయ్యడం, సగం గీసి మిగతా సగం అద్దంలోలాగా తిప్పి అతికించడం, ఒకే గీత లావై సన్నబడేలా చెయ్యడం, ఒకదాని మీద ఒకటి పొరలు పరిచి కిందిపొర కదలకుండా తాళం వెయ్యడం. తెలుగు అక్షరాల్లో వంపు లేనిది ఏది? కాబట్టి చెయ్యి బాగా తిరిగింది. తన దగ్గరికొచ్చే ఇంజినీరింగు కుర్రాళ్ళ కంటే నా వంపులు నున్నగా ఉన్నాయని దీదీ స్వయంగా అంది. ఆ మాట ఇంట్లో ఎన్నిసార్లు చెప్పానో నాకు గుర్తులేదు. మా ఆవిడకి గుర్తుంది.

ఆ ధీమాతో గుడి పలకని మళ్ళీ మొదట్నుంచీ ఎత్తుకున్నాను. వంపుకి నాలుగు చుక్కలు. అక్కడ తేడా వచ్చింది. జిలేబీకి లొంగిన గీత ‘అ’కి లొంగలేదు. పలక ఫొటో మీద నా గీత పడుకోవడం లేదు. ఇక్కడ ఉబ్బుతుంది, అక్కడ లోపలికి పోతుంది. పట్టి చూస్తే, పలక మీది అంచే ఒక్క వంపులో వెళ్ళడం లేదు. కొంచెం వెళ్ళి ఆగి, మళ్ళీ కొంచెం వెళ్ళి ఆగినట్టుంది.

దీదీ బాగా పెద్దది చేసి చూసింది. “కాకూ, ఇది రాసినాయన భయపడుతూ రాశారు” అంది.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. మా నాన్నా, భయమా? ఫోర్‌మేన్ నోటికి జవాబు చెప్పి మూడుసార్లు మెమో తీసుకున్న మనిషి. నిచ్చెన మీద బీడీ కాలుస్తూ రాసేవాడు. చేతికి సుద్దగీత కూడా అక్కర్లేదు. నీకు తెలుగు రాదు కాబట్టి అలా అనిపిస్తోంది, మా అక్షరాలంతే, అన్నాను. అది అబద్ధమని నాకు తెలుసు. అయినా తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. గీత తప్పిన ప్రతిచోటా ఇంకో చుక్క, ఇంకో చుక్క పెట్టుకుంటూ పోయి, ‘అ’ని అరవై ఒక్క చుక్కలతో పలక మీదికి తెచ్చి కట్టేశాను. మిగతా అయిదూ అంతే. జాతరకి ఇంకా మూడు వారాలుండగానే ఫైలు తయారైంది.

ఆ సంగతి సెక్రటరీకి చెప్పడానికి వెళ్తే, అతను తన పెట్టెలోంచి ఒక నలుపు తెలుపు ఫొటో తీసి నా చేతిలో పెట్టాడు. గుడి కట్టి, ఆ పలక మొదటిసారి గుమ్మం మీద పెట్టిన రోజుది. నిచ్చెన మీద మా నాన్న. చేతిలో బ్రష్, మెడలో తువ్వాలు, ముఖంలో ఎవడినో తిట్టబోతున్న కళ. ఆయన పక్కన అప్పుడే రాయడం అయిన ఆరక్షరాలు.

“జాతర కరపత్రం మీద ఏద్దుము. నువ్విప్పుడు కంప్యూటరోడివి గదా, ఈ మరకలు తీసీ” అన్నాడు.

ప్రేమ్ బజార్ తీసుకెళ్ళి స్కాన్ చేశాం. మరకలు తీశాను. పని అయిపోయింది, కానీ నాలో ఉన్న ఉక్రోషం ఊరుకోలేదు. భయపడుతూ రాశారన్న మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. దీదీని పిలిచాను. “ఇదిగో, ఇది రాసిన రోజు ఫొటో. దీని మీద నా ఆరక్షరాలు పెడతాను. ఇది మా నాన్న చెయ్యేనని ఒప్పుకుని తీరతావు” అన్నాను. ఫొటోని కిందిపొరలో పెట్టి, పల్చన చేసి, తాళం వేశాను. పైన నా అక్షరాల అంచులు ఎర్రగీతతో పరిచాను.

కలవలేదు.

ఫొటోగ్రాఫరు పక్కనుంచి తీశాడన్నాను. దీదీ ఫొటో మూలలు లాగి, పలక నాలుగు మూలలూ తిన్నగా చేసింది. అప్పుడూ కలవలేదు. కొలతలు మార్చి చూశాను, జరిపి చూశాను. ఎర్రగీతల లోపల మా నాన్న అక్షరాలు సన్నగా, పొడుగ్గా, పెద్దవాళ్ళ చొక్కా తొడుక్కున్న పిల్లల్లా ఉన్నాయి. ఆయన ‘అ’కి పొట్టే లేదు. నా ‘అ’కి బొద్దుగా పొట్ట ఉంది. ఆయన ‘మ్మ’లో కింది మకారం ఎడంగా వేలాడుతోంది, నాది చక్కగా మధ్యకొచ్చి కూర్చుంది. ‘డి’ తలమీది గుడి ఆయనది విసిరినట్టుంది, నాది దుప్పటిలా కప్పినట్టుంది.

మౌసు వదిలేసి కూర్చున్నాను. ఏం జరిగిందో అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు, నా పనే కదా. పాత రంగు మీద కొత్త రంగు వేసేటప్పుడు, పాత అంచు కనపడకుండా ఉండాలంటే బ్రష్ వెంట్రుక వాసి బయటికి పోనివ్వాలి. పెచ్చు ఊడినచోట ఇలాగే ఉండి ఉంటుందిలే అని మన చెయ్యి పోనివ్వాలి. ఏడాదికి ఒక వెంట్రుక. పోయినేడు ఉన్నదాని మీదే ఈయేడు. ఇరవై రెండేళ్ళు. ప్రతి ఏడూ తప్పకుండా పాత గీత మీదే గీశాను, ఆ పాత గీత కూడా నాదేనని ఎప్పుడూ తోచలేదు. పలక మీద నాన్న అక్షరం ఒక్కటీ లేదు. కమిటీ ముందు పదినిమిషాలు నేను ఏడిపించింది నా అక్షరాల కోసం.

దీదీ కొత్త పొర ఒకటి తెరిచి ఇచ్చింది. ఫొటోలోని నాన్న ‘అ’ మీద చుక్కలు పెట్టడం మొదలుపెట్టాను. తొమ్మిది. తొమ్మిదే చుక్కలు. గీత ఎక్కడా మొరాయించకుండా ఆయన అంచు మీద సాపుగా పడుకుంది. పైనుంచి కిందిదాకా ఒక్క ఊపిరిలో రాసిన గీత అది.

“ఈయన భయపడలేదు” అంది దీదీ, నెమ్మదిగా.

నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది. పోయి ఇరవై రెండేళ్ళయినా ఆ మనిషి నిచ్చెన మీంచి నన్నే తిడుతున్నట్టుంది. ఆయన తొమ్మిది చుక్కల్లో పోయిన దారిలో నేను అరవై ఒక్కచోట్ల ఆగాను. ఇన్నేళ్ళూ ఆయన గీత దాటకూడదనే భయంతోనే బతికాను. ఆ భయమే గీతని పాడుచేసింది.

సాయంత్రానికి ఆరక్షరాలూ రెండోసారి గీయడం అయిపోయింది. పెన్ డ్రైవ్‌లో రెండు ఫైళ్ళు పెట్టుకుని ఇంటికొచ్చాను. ఒకటి నాన్నది, ఒకటి నాది. మా ఆవిడకి ఒక్కదానికే చెప్పాను. చివరిదాకా వింది, ఈసారి నవ్వలేదు.

“ఏదిచ్చినా ఎవులికి తెలుస్తాది?” అంది.

“నాకు తెలుస్తాది.”

“నీది బాగులేదేటి?”

“అరవై ఒకటి చుక్కలే దానికి!”

“నాను సుక్కలు అడగనేదు. బాగుందా నేదా అనడిగినాను.”

కమిటీ ముందు నాన్న పేరు చెప్పి అరిచాను కాబట్టి నాన్న ఫైలే ఇచ్చాను. నిజం చెప్పాలంటే, నా గీతలోని తడబాటు స్టీలులో కోసి వెనక లైటు వేసి ఊరందరికీ చూపించుకునే ధైర్యం కూడా లేదు.

జాతర మొదటిరోజు చీకటిపడే వేళకి స్విచ్చు వేశారు. ఆరక్షరాలు వెలిగాయి. అంచు ఎక్కడా చెదరలేదు, మిషను కుర్రాడు కూడా అంత శుభ్రమైన ఫైలు చూడలేదన్నాడు. సెక్రటరీ మైకు అందుకుని, ఫలానావాడి నాయిన అచ్చరాలు ఒక్క వెంట్రుక తేడా లేకుండా స్టీల్లో పెట్టించినామని ప్రకటించాడు. జీవితంలో మొదటిసారి అతను పూర్తి నిజం చెప్పాడు, అది ఎంత నిజమో అతనికి తెలీదు. జనం చప్పట్లు కొట్టారు. కొట్టాక తలెత్తి ఇంకా చూస్తూనే ఉన్నారు. ఏదో ఒకటి కుదరలేదన్నట్టు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

ఎవరో నా చొక్కా పట్టుకుని వెనక్కి గుంజారు. గుడి గుమ్మానికి ఎదురు క్వార్టర్లో ఉండే ముసలావిడ, ఎప్పుడో పోయిన ఒక ఫిట్టరు భార్య. ఎనభై దాటాయి. మా అమ్మకి స్నేహితురాలు, నేను పిన్నీ అంటాను.

“ఒరే, ఏటిరా ఇది?”

“అచ్చరాలు పిన్నీ.”

“మీ అయ్య అచ్చరాలేవిరా?”

“ఇయ్యే గదా.”

“నాకాడ అబద్దాలాడకు. మీ అయ్యని నానెరగనేటి? ఆడు ఇలగ రాసీ మడిసి కాడు. కంప్యూటర్ల ఏసి ఎండబెట్టీసినావు. ఎముకలు కనిపిస్తన్నాయి సూడు.”

చొక్కా వదలకుండా నన్ను వంటల పాక వైపు లాక్కుపోయింది. అక్కడ గోడకి ఆనించి పాత పలక ఉంది. పోయినేడు నేను వేసిన రంగు ఇంకా మెరుస్తూనే ఉంది.

“ఇదీ మీ అయ్య సెయ్యి! ఈ ‘అ’ సూడు, కడుపునిండా తిని కూకున్న గుంటడిలాగ ఎంత ముద్దుగున్నాదో. దిక్కుమాలిన సన్నాసిలాగ సేసి పెట్టినావు పైన. పొద్దున్న లెగిసి తలుపు తీస్తే ఇయ్యే కనిపించీవి నాకు. మా ఆయన పోయినాక కూడా, మనిసి మొకం సూడకముందు ఇయ్యే సూసీదాన్ని. తండ్రి అచ్చరాలు నిలబెట్టలేకపోనావు, ఏటి సదివినావురా ఆ కంప్యూటరు?”

ముప్పై అయిదేళ్ళుగా రాస్తున్నాను. ఎప్పటికిస్తావని అడిగారు, తప్పుందన్నారు, ఇంకా పెద్దగా రాయమన్నారు. నేను రాసిన ఒక్క అక్షరాన్ని ఎవరూ ముద్దుగా ఉందనలేదు. మొదటిసారి అన్న మనిషి నా చొక్కా పట్టుకుని తిడుతూ అంది. అవి నావి పిన్నీ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెప్తే ఆవిడ నమ్మదు. నమ్మిందంటే, ఇన్నేళ్ళూ తలుపు తీసి చూసింది మా నాన్న చేతిని కాదని తెలిసిపోతుంది.

“‘గు’ ఎలగుండీది పిన్నీ?” అన్నాను.

చెప్పింది. తర్వాత ‘వా’ అడిగాను, ‘రి’ అడిగాను. ఒక్కోదాని మీదా వేలు పెట్టి, ఎక్కడ బాగుండేదో, నేను ఎక్కడ చెడగొట్టానో తిడుతూ చెప్పింది. ఆరూ పూర్తయ్యేదాకా కదలకుండా నిలబడి విన్నాను. తప్పయిపోయింది పిన్నీ అన్నాను.

మర్నాడు పొద్దున్న వెళ్ళేసరికి వంటవాళ్ళు పొయ్యిలోకి కట్టెలు చీలుస్తున్నారు. పలక ఆ కట్టెల మీదే ఉంది. తీసి, సైకిలు క్యారియర్ మీద పెట్టి తాడు బిగిస్తుంటే సెక్రటరీ వచ్చాడు.

“పుచ్చిపోయిన పలక నీకెందుకురా?” అన్నాడు.

“మా అయ్య రాసినాడు గదా” అన్నాను.